పురుగుకు నాన్న పేరు

కల్లంలో ఎండిన మిరపకాయల రాశి ముందు వెంకటరావమ్మ, పక్కింటి సర్దార్‌బీ ఎదురెదురుగా కూర్చుని తాలుకాయలు ఏరుతున్నారు. పొద్దు వాలుతోంది. కోటేశ్వరి వచ్చి తల్లి పక్కన గోనెపట్టా మీద చతికిలబడి ఒళ్ళో ల్యాప్‌టాప్ తెరిచింది. కేరళ కొండల్లో, వాన తెరిపివ్వని అడవుల్లో పురుగుల మీద పరిశోధన చేస్తున్న పిల్ల. కోతల పనిలో తల్లికి సాయంగా ఉంటానని సెలవు పెట్టి వచ్చింది గానీ, వచ్చిన దగ్గర్నుంచీ ఆ పెట్టె మూసింది లేదు.

"ఇదిగోనమ్మా, నాకు దొరికిన పురుగు. దీని గురించి ఇంతవరకూ ఎవరూ రాయలేదు."

తెర మీద నల్లటి పురుగు. అసలుకి మిరపగింజంతే ఉంటుందట. వీపు మీంచి కొమ్ము ఒకటి లేచి, తోక దాకా వంగి ఉంది.

"దున్నపోతుకి రెక్కలొచ్చినట్టుంది," అంది సర్దార్‌బీ. "దీనికోసమటే నువ్వు అడవులు పట్టి తిరిగింది? మా పత్తిచేలోకొస్తే తట్టలకొద్దీ ఏరిచ్చేదాన్ని గదా."

"కొమ్మ రసం పీలుస్తదా?" అని అడిగింది వెంకటరావమ్మ.

"పీలుస్తుంది."

"అయితే పత్తికి పట్టే పచ్చదోమకి చుట్టం."

"చుట్టమేనమ్మా. దూరపు చుట్టం." కోటేశ్వరి నవ్వి, కాసేపు తటపటాయించింది. "దీనికి పేరు నేనే పెట్టాలి. నాన్న పేరు పెట్టాను."

వెంకటరావమ్మ చెయ్యి కాయల మీద ఆగిపోయింది. "పురుక్కా?"

"బాగుంది సంబడం," అంది సర్దార్‌బీ. "ఉన్నన్నాళ్ళూ ఆ పేరయ్య పురుగుల్ని చంపలేక చచ్చాడు. కూతురేమో ఆయన్నే పురుగుని చేసింది."

"మా చదువులో ఇది పెద్ద గౌరవం అత్తా. ఇక ఏ దేశం వాళ్ళు దీని గురించి రాసినా నాన్న పేరు రాయాల్సిందే. ఎప్పటికీ."

ఊళ్ళో ఇప్పుడు ఆయన పేరెత్తేవాళ్ళే లేరు. వెంకటరావమ్మకు లోపల ఏదో మెత్తబడింది. సర్దార్‌బీ నమాజుకు వేళయిందని లేచి చేతులు దులుపుకుని వెళ్ళాక, "ఏం రాశావో చదువు," అంది. తెర మీదవి ఇంగ్లీషు అక్షరాలు. పొదుపు సంఘంలో వేలిముద్ర వెయ్యడం నామోషీగా ఉండి, మొగుడు పోయాక ఆమె నేర్చుకున్నవి తెలుగు అక్షరాలే.

కోటేశ్వరి తెలుగు చేసి చదివింది. కొమ్ము ఎంత పొడవు, రెక్కల రంగేమిటి, కాళ్ళ మీద నూగెలా ఉంది, ఏ చెట్టు మీద దొరికింది. తల్లి ఊఁ కొడుతూ కాయలు ఏరుతోంది.

"ఆ పేరెందుకు పెట్టామో చివర్న రాస్తాం. 'మా నాన్న పేరయ్య జ్ఞాపకంగా. పత్తి రైతు. పంట పోయి, పురుగుమందు తాగి ప్రాణం తీసుకున్నాడు.'"

"ఏం తాగాడూ?"

"ఇందులో సిగ్గుపడాల్సిందేం లేదమ్మా. నాన్నలాంటి వాళ్ళు..."

"తాగాడని నీకెవరు చెప్పారే?"

"బాబాయి. హాస్టలుకి ఫోన్ చేసి, మీ నాన్న మందు తాగాడు, బయల్దేరు అన్నాడు. నువ్వూ అదేగా అనేదానివి. వచ్చిన వాళ్ళందరికీ మందు వల్ల పోయాడనే చెప్పావు."

"మందు కొడుతూ పోయాడే మీ నాన్న."

కోటేశ్వరి తెర మీంచి తలెత్తి తల్లి వైపు తిరిగింది.

ఆ రోజు పత్తికి పచ్చదోమ పట్టిందని మందు కొట్టే తైవాన్ పంపు వీపుకెత్తుకున్నాడు పేరయ్య. గాలి ఎదురు తిరిగింది. చొక్కా మందుతో తడిసి ఒంటికి అంటుకుపోయింది. తలనొప్పిగా ఉందన్నాడు. ఇక చాలు రమ్మంటే, ఈ రెండు సాళ్ళూ కానిచ్చి వస్తానన్నాడు. తర్వాత నోట్లో నురగ, ఒళ్ళంతా మందు వాసన. చూసిన వాళ్ళు తాగాడనే అన్నారు. మొదట్లో ఆమె ఇంటింటికీ వెళ్ళి పోట్లాడింది. తర్వాత, ఊరు ఏమన్నా అనుకోనీ అని వదిలేసింది. అలా అనుకునే ఊళ్ళో తన కూతురు కూడా ఉందని ఆమెకు తెలియదు.

"నాకెందుకు చెప్పలేదు?"

"నీకు తెలుసనుకున్నా. నీ తండ్రి గురించి నీకు వేరే చెప్పాల్సొస్తదనుకోలా."

"నేను ఆయన మీద కోపంతో బతికానమ్మా. నేనున్నానని కూడా తలుచుకోకుండా పోయాడని. ఆబ్దికాలకి రానిది అందుకే, పరీక్షలుండి కాదు." కోటేశ్వరి తెర మీది పేరు చూపించింది. "పోన్లే, క్షమించేద్దాం అనుకుని పెట్టాను ఈ పేరు."

"ఆయన చెయ్యని దానికా?"

కోటేశ్వరి కళ్ళు తుడుచుకుని ఆ వాక్యం చెరిపింది. చెరిపి, కొత్తది మొదలుపెట్టలేక అట్లాగే కూర్చుంది.

"పడినప్పుడు నువ్వు పక్కనే ఉన్నావా అమ్మా?"

వెంకటరావమ్మ ఆ ప్రశ్న వింది. దాని వెనక ఉన్న అనుమానమూ వింది.

"నీళ్ళకెళ్ళా. బిందె తెచ్చేసరికి సాలు మధ్యలో బోర్లా పడున్నాడు. పంపు ఇంకా వీపునే ఉంది."

కోటేశ్వరి తెర దగ్గరకు లాక్కుంది. వంగి రాయసాగింది.

"ఏం రాశావు?"

"'పత్తిచేలో మందు కొడుతూ చనిపోయాడు' అని."

"ఏదీ, ఎక్కడుంది?"

కోటేశ్వరి వేలు పెట్టి చూపించింది. అది నమ్మి రాసిందో, తల్లి మనసు నొప్పించలేక రాసిందో వెంకటరావమ్మకు తెలియలేదు. అడిగితే ఏం చెబుతుందోనని భయమేసింది. పైట చెంగుతో చేతులకంటిన కారం తుడుచుకుని, తనకు రాని ఆ అక్షరాల మీదకు వంగింది.

"ఇంకోసారి చదవ్వే," అంది.