క్లిప్పులో మిగిలిన తంగూసు

నా భార్య శారద గాలం రాడ్డు దాజీ పేట్‌లోని మా ఇంట్లో, బీడీలు చుట్టే చాట వెనక గోడకు ఆనించి ఉండేది. ఆమె పోయాక, నేను పాఠాలు చెప్పే బడికి వచ్చిన మొదటి ఎండాకాలం సెలవుల్లో దాన్ని తీసి తుడిచాను. రీలుకున్న చిన్న క్లిప్పులో గాలపు తంగూసు ఇంకా ఇరికే ఉంది.

హిప్పర్గా తలావ్‌లో నీళ్లకింద ఒక పాత పొలంగట్టు ఉందని, బంగారు తీగ చేపలు దాని పక్కనే మేస్తాయని శారద కనిపెట్టింది. గాలం అక్కడ పడ్డ రోజున తంగూసును క్లిప్పులో ఇరికించింది. ఆ తర్వాత ఎంత బలంగా విసిరినా తంగూసు అంతవరకే పోయి ఆగేది. గాలం పడ్డాక, బీడీలకు కట్టే దారంతో తంగూసు మీద గుర్తుగా ముడి వేసి, చేప లాగితే తెగకుండా క్లిప్పు తీసేసేది. ఇంటికి వచ్చేముందు ఆ గుర్తు దగ్గర మళ్లీ ఇరికించేది. ఇప్పుడు ముడి ఊడిపోయింది. గట్టు ఎంత దూరమో చెప్పడానికి ఆ క్లిప్పు ఒక్కటే మిగిలింది.

"గుర్జీ బడికి పోతే పెండ్లాం గాలం వట్టుకొని పోతది" అని పక్కింటి పార్వతీబాయి బీడీలు చుడుతూ నవ్వేది.

"నేను యాడికి పోతున్ననో ఆయనకెరుక. మీ ఆయన యాడికి పోతడో నీకెరుకనా?" అనేది శారద. ఆ సాయంత్రమే ఆ ఇంటికి గిన్నెడు పులుసు పంపేది.

మగ్గాలు ఆగే సుట్టీ రోజున శారద తమ్ముడు పోచయ్య నాతో తలావ్‌కు వచ్చాడు. అతను కుంఠా నాకాలో టవళ్లు నేస్తాడు.

"రాడ్డును చాక్‌పీసు లెక్క వట్టినవేంది బావా!"

విసిరాను. గాలిలో పోతున్న తంగూసు చటుక్కున ఆగింది. సీసం గుండు దూరంగా నీళ్లలో పడింది. శారద అక్కడే వేసేదనుకున్నాను.

రాడ్డును పంగల కర్ర మీద పెట్టి, తంగూసుకు పిన్ను వేలాడదీశాను. అది మగ్గం మీది సన్నని ఇనుపరేకు. పడుగు దారం తెగితే కిందపడి మగ్గాన్ని ఆపుతుంది. పోచయ్య తెచ్చిస్తే, చేప ముట్టినట్టు తెలియడానికి శారద దాన్ని ఇలా వాడేది. చేప అటు లాగితే పిన్ను పైకి లేస్తుంది, ఇటు వస్తే కిందికి జారుతుంది.

ముందు ముడి వేయాల్సింది. దారం డబ్బా తీసి, కళ్లద్దాలు వెతుక్కుంటున్నాను.

"ముందు క్లిప్పు తీయ్ బావా. పెద్దది గుంజితే తెగుతది."

"ముడి వడనీ. తీస్తే ఆ దూరం మళ్ల దొరకదు."

పిన్ను వణికింది. తర్వాత మెల్లగా లేచి రాడ్డుకు తగిలింది. కొన వంగింది.

"బావా, క్లిప్పు!"

దారం కొస నా వేళ్ల మధ్యే ఉంది. తంగూసు సన్నగా మోగుతోంది. ఒకసారి ఇలాగే తెగినప్పుడు శారద అన్నం తినలేదు. "నోట్ల ముల్లుతోని తిరుగుతది గదా, పాపం" అంది.

బొటనవేలితో తంగూసును క్లిప్పులోంచి తప్పించాను. రీలు గిర్రున తిరిగింది. చేప ఎంత లాగిందో, గట్టు దూరం అందులో ఎక్కడ కలిసిపోయిందో నాకు తెలియలేదు.

చివరికి పోచయ్య చేపను వలలోకి ఎత్తాడు. బంగారు రంగు పెద్ద పొలుసులు.

"అక్క ఉంటే చేతితోనే తూకం జెప్పేది" అని, చేప నోట్లోంచి ముల్లు తీశాడు. తర్వాత, "ఏం జేద్దాం?" అన్నాడు.

"తీస్కపో. పులుసు చేయించు. పార్వతీబాయికి ఓ గిన్నె మర్వకు."

ఎరగా పెట్టే పిండి ఉండ మార్చి మళ్లీ విసిరాను. ఈసారి మధ్యలో ఆపేది ఏమీ లేదు.

"శాన దగ్గర వడ్డది బావా. గట్టు దాక పోలే."

"ఎరుకనే."

కళ్లద్దాలు పెట్టుకున్నాను. పిన్ను వేలాడదీసే ముందు, నా గాలం పడ్డ ఆ దూరానికే దారం ముడి వేశాను.