గాజు బీరువాలో క్యారియర్

మా విశ్వవిద్యాలయానికి ఉన్నట్టుండి తన పరిశోధక విద్యార్థుల మీద ప్రేమ పుట్టింది. గ్రేడు ఇచ్చే కమిటీ వస్తోందని తెలిశాక పుట్టింది కాబట్టి దాన్ని తొలిచూపు ప్రేమ అనలేం. బాపట్ల కేంద్రంలో సైకిల్ షెడ్డు పక్కనున్న గదికి సున్నం వేయించి, 'పరిశోధక జీవన భాండాగారం' అని బోర్డు పెట్టారు. పిహెచ్.డి. విద్యార్థులు ఎలా బతికారో, ఏం చదివారో భావితరాలకు తెలియజేయడం దాని లక్ష్యం. ఎలా బతుకుతున్నారని మమ్మల్ని మాత్రం ఎవరూ అడగలేదు. ఇంకా బతికున్నవాళ్లతో చరిత్రకు ఇబ్బందే.

భాండాగారం బాధ్యత మా గైడు వెంకటప్పయ్య గారిది. అంటే నాదీ, నాతోపాటు ఆయన దగ్గరే చేస్తున్న ఫ్లోరెన్స్‌దీ.

నా థీసిస్ 'అలవాటు, ఇష్టం: ఒక మనస్తత్వ పరిశీలన' ఆయన బల్ల మీద ఉంది. చాలాకాలంగా ఉంది. మొదట్లో దాని మీద టీ కప్పు పెట్టేటప్పుడు కింద ఒక కాగితం వేసేవారు. చనువు పెరిగాక మానేశారు. ఈ నెలాఖరుతో నా రిజిస్ట్రేషన్ గడువు అయిపోతుంది. ఈలోపు ఆయన సంతకం పెట్టకపోతే ఇన్నేళ్ల పనీ గాలికి పోతుంది. అడిగినప్పుడల్లా "కమిటీని వెళ్లిపోనీమ్మా, తీరిగ్గా చూద్దాం" అంటారు. కమిటీ వచ్చేదే నెలాఖరున.

నేను రేపల్లె నుంచి వస్తాను. తెనాలిలో దిగి బాపట్ల రైలు ఎక్కాలి. సార్ ఇల్లు తెనాలిలోనే. ఆయన కారులో వస్తారు. కారులో పప్పు వాసన ఆయనకు పడదు. అందుకని ఆయన భోజనం నాతో రైల్లో వస్తుంది. రోజూ పొద్దున్నే ఆయన భార్య సరోజిని గారు ప్లాట్‌ఫాం మీద క్యారియర్ పట్టుకుని నిలబడతారు. "నీ దారే కదమ్మా" అన్నారు మొదటిసారి. ఆ మాటలో కాదనడానికి నాకు సందు దొరకలేదు. ఇప్పుడు రైలు ఆగకముందే నా కుడిచెయ్యి తనంతట తాను కాస్త ముందుకొస్తుంది. థీసిస్‌లో మూడో అధ్యాయం సరిగ్గా దీని గురించే. కాకపోతే అందులో పావురాల మీద రాశాను.

కమిటీ వచ్చే రోజుకి గోడ నిండా వైవా ఫొటోలు పెట్టాం. ఒక్కదాంట్లోనూ ఎవరూ ఎవర్నీ ప్రశ్న అడుగుతున్నట్టు లేదు. అందరూ భోంచేస్తున్నారు. వైవాకి వచ్చిన పరీక్షకుడికి విద్యార్థి విందు ఇవ్వడం మా దగ్గర ఆచారం. ఫొటోగ్రాఫరుకి కబురు వెళ్లేది విస్తళ్లు పరిచాకే. ఫ్లోరెన్స్ వాటి కింద అంటించడానికి చీటీలు రాస్తోంది.

"రొయ్యల వేపుడు కనబడుతోందే, దీని కింద ఏం రాయను?"

"లోతైన చర్చ అని రాయి."

"మరి ఈయన ఎముక కొరుకుతున్నాడు?"

"మూలాల్లోకి వెళ్తున్నారు."

అంతలో సార్ చెమటలు కక్కుతూ వచ్చారు. గాజు బీరువాలో నడిమి అర ఖాళీగా ఉంది.

"ఆ అర అలా బోసిగా ఉందేంటమ్మా! ఏదో ఒకటి పెట్టండి. పరిశోధకులు రోజూ వాడే వస్తువేదైనా. కారు గేట్లోకి వచ్చేసింది!"

నా చేతిలో ఉన్నది ఒక్కటే. రోజూ వాడేదీ అదే. అరలో పెట్టి చీటీ రాశాను: 'పరిశోధక విద్యార్థిని నిత్యం మోసే క్యారియర్.' కావాలనే చేశానా అని తర్వాత చాలాసార్లు నన్ను నేను అడిగాను. మనసులో కింది వాటాలో ఉండేవాళ్లు చేసిన పనికి పై వాటా వాళ్లు ఏం జవాబు చెబుతారు?

"అందులో ఏం ఉంది?" అంది ఫ్లోరెన్స్ చెవిలో.

"దోసకాయ పప్పు."

"అయితే ఎల్లుండికి పురావస్తువే."

కమిటీ చైర్మన్ గారు ఫొటోలను దాటేసి బీరువా ముందు ఆగారు. "ఇది నీదేనామ్మా? ఏ ఊరి నుంచి వస్తావు?"

"రేపల్లె నుంచండి."

"చూశారా! అంత దూరం నుంచి అన్నం మోసుకొచ్చి చదువుకుంటోంది" అని కరిగిపోయారు. సార్ కూడా కరిగినట్టు తల ఊపారు. అప్పుడు చైర్మన్ గారు కళ్లజోడు సవరించుకుని, వంగి, మూత మీది అక్షరాలు చదివారు.

మన ఇళ్లలో పేరు చెక్కించని స్టీలు గిన్నె మనది కాదు. సార్ ఒక అడుగు ముందుకేసి చదువు కూడా చెక్కించుకున్నారు.

"డాక్టర్ కె. వెంకటప్పయ్య, ఎం.ఏ., పిహెచ్.డి."

ఫొటోల్లోని వాళ్లు కూడా నమలడం ఆపినట్టనిపించింది.

అవసరం పడితే మనిషి జ్ఞాపకాలను ఎంత వేగంగా తయారుచేసుకుంటాడో పుస్తకాల్లో చదివానుగానీ, కళ్లారా చూడటం అదే. "మా ఇంటిదేనండి" అన్నారు సార్. "పాపం ఆడపిల్ల, దూరం నుంచి వస్తుంది కదా అని మా ఆవిడ రోజూ దీనికి అన్నం పెట్టి పంపుతుంది." మాట చివరికొచ్చేసరికి ఆయన గొంతు నిజంగానే వణికింది. తన మాట తానే నమ్మేశారు.

"గురువు గారింటి అన్నం! ఈ రోజుల్లో!" చైర్మన్ గారు నా వైపు తిరిగారు. "నిజమేనామ్మా?"

అందరూ తిరిగారు. సార్ కళ్లలో నేనెప్పుడూ చూడనిది కనిపించింది. నేను ఏం చెబుతానో వినాలన్న ఆసక్తి.

"నిజమేనండి" అన్నాను. "సార్ ఇంకో మాట కూడా అన్నారండి. ఇవాళ మీ ఎదుటే నా థీసిస్ మీద సంతకం పెట్టి, ఒక ప్రతి ఈ అరలోనే ఉంచుతానన్నారు."

ఫ్లోరెన్స్ అప్పటికే గదిలో లేదు. తిరిగొచ్చేసరికి దాని చేతిలో నా థీసిస్ ఉంది, టీ మరకతో సహా. సార్ చిరునవ్వుతో సంతకం పెట్టారు. ఫొటో తీశారు. ఆ గోడ మీద ఎవరూ తినకుండా ఉన్న ఫొటో అదొక్కటే. ఆ ప్రతిని క్యారియర్ పక్కనే పెట్టి, బీరువాకి తాళం వేసి రిబ్బను కట్టారు. నా అబద్ధం, ఆయన పప్పు, రెండూ చరిత్రలో భద్రంగా ఉన్నాయి. సాయంత్రంలోగా మిగతా ప్రతుల మీద కూడా సంతకం చేయించి థీసిస్ సమర్పించేశాను.

మర్నాడు తెనాలిలో దిగుతుంటే ఒళ్లు తేలిగ్గా ఉంది. ఇకనుంచి నా చెయ్యి నాదే. సరోజిని గారు రెండు క్యారియర్లతో నిలబడి ఉన్నారు. రెండూ కొత్తవే.

"ఇది ఆయనకి, ఇది నీకు. కమిటీ వాళ్లు రిపోర్టులో రాస్తారంటగా. అబద్ధమైతే బాగోదన్నారు మీ సార్. నీ పేరు కూడా చెక్కించా, చూడు."

చూశాను. మూత మీద ప్రత్యూష అని ఉంది. దాని పక్కన కాస్త చోటు ఖాళీగా వదిలారు.

"పిహెచ్.డి. అన్నది వైవా అయ్యాక చెక్కిద్దాంలేమ్మా" అన్నారు ఆప్యాయంగా. "వైవాకి తేదీ వేయించాల్సింది కూడా ఆయనేగా."

నా రెండు చేతులూ అప్పటికే ముందుకొచ్చి ఉన్నాయి.