చెయ్యి ఆగే చోటు

"కూరగిన్నె దించేటంత వచ్చింది గద మేడమ్. ఇగ చాలు" అన్నాడు సదయ్య.

ఆసుపత్రిలో ఆయన భార్య ఐలవ్వ కుడి చెయ్యి ఇంకా థెరపీ మెషీన్‌లోనే ఉంది. మోచేతి దగ్గర ఒక పట్టీ, మణికట్టుకు ఒకటి. పిడిని ముందుకు తోస్తే తెర మీద చుక్క కదిలి పచ్చటి గుండ్రంలోకి పోవాలి. తోయలేని చోట మెషీనే సాయం చేస్తుంది. పక్షవాతం వచ్చిన కొత్తలో అంతా ఆ సాయమే. ఇప్పుడు చెయ్యి భుజం దాకా లేస్తుంది, కూర కలుపుతుంది. తల వెనక్కి మాత్రం పోదు. కొప్పు ముడి వేయించుకోవడానికి రోజూ పొద్దున పక్క క్వార్టర్ పోశవ్వ ముందు మెడ వంచి కూర్చోవాలి. అది సదయ్యకు పట్టదు.

థెరపీ చేసే సుజిత తెర మీది గీతలు చూపించింది. "గుండ్రం దాకా మంచిగనే వస్తుందమ్మా. తాకే ముందు చెయ్యి ఆగుతుంది. నెల నుంచి ఇదే గీత. ఇగ పెరగదని రాస్తే ఇయ్యాల్టితో బంద్."

"రాయుండ్రి మేడమ్. నాకు సెకండ్ షిఫ్టున్నది."

ఐలవ్వ ఆ గీతనే చూసింది. ఆ ఆగుడు తెలిసినట్టే ఉంది. గోదావరిఖనిలో ఒక గది, ఒక వంటిల్లు ఉన్న క్వార్టర్. బొగ్గుబాయిలో నైట్ షిఫ్టు దిగి వచ్చి ఆయన పగలంతా పడుకునేవాడు. చప్పుడు కాకుండా ఉండాలంటే గిన్నె గూట్లో పెట్టే ముందు చెయ్యి గాలిలోనే ఆగాలి. ముందు వేలు ఆనాలి, ఆ తర్వాత గిన్నె. గాజులు మోచేతి వైపు తోసుకోవాలి. కొత్త కాపురంలో ఒకసారి మూత జారితే, "బాయిల సచ్చి వస్తున్న, ఇంట్ల గింత నిమ్మళం లేదా?" అని చెంబు విసిరాడు. "మొగోడు పండుకున్నంక ఇంట్ల ఆడిది ఉన్నట్టే తెల్వద్దు" అంది అత్త. ఆ అత్త పోయి పన్నెండేళ్లయింది. ఆయన ఫస్ట్ షిఫ్టుకు పోయి ఇంట్లో ఎవరూ లేని వారాల్లో కూడా చెయ్యి ఆగుతూనే వచ్చింది. ముప్ఫై ఏళ్లలో ఎవరూ గమనించలేదు. ఐలవ్వే గమనించలేదు. ఈ మెషీన్ చూసింది.

సుజిత పెన్ను తీసింది.

"జర ఆగు బిడ్డా" అంది ఐలవ్వ. "ఎడమ చెయ్యి పెట్టి సూడు."

"దానికేమైందే?" సదయ్య నవ్వాడు. "మంచిగున్న చేతికి గూడ మెషీనా? జల్ది కానియ్యి, ఆటో పోతది."

ఐలవ్వ ఆయన వైపు చూడలేదు. తనే పట్టీలు విప్పుకుంది. సుజిత పిడిని అటు తిప్పి ఎడమ చేతికి కట్టింది. ఐలవ్వ పదిసార్లు తోసింది. పదిసార్లూ చుక్క జోరుగా పోయింది, తాకే ముందు ఆగింది. సుజిత రెండు గీతలనూ పక్కపక్కన పెట్టింది. రెండూ ఒక్క చోటే వంగాయి.

"ఈ చేతికి పక్షవాతం రాలేదు కదమ్మా!"

"రాలే."

"అయితే ఈ ఆగుడు జబ్బుది కాదు. చెయ్యి ఇంకా పైకి పోవచ్చు, ఇంకో నెల రాస్త." సుజిత కాగితం తిప్పింది. "మరి ఇది ఎప్పటి నుంచి ఉన్నది?"

"మొన్న వానకాలం పక్షవాతం వచ్చినప్పటి సంది" అన్నాడు సదయ్య, తననే అడిగినట్టు.

"కాదు బిడ్డా" అంది ఐలవ్వ. "పెండ్లయి క్వార్టర్లకు వచ్చిన కాన్నుంచి. గదే రాయి."