కెప్టెన్ ఫ్రీసెన్, సిగ్నలర్

మా ఆయనకి మొహంలో ఏదీ దాచుకోవడం రాదు. పెళ్లికి ముందు ఊళ్లో వాళ్లందరినీ పిలిచి మేం పెట్టుకున్న సోషల్ అనే విందులో, లాటరీ చీటీ తీసి పేరు చదవకముందే మేనత్త వైపు చూసి నవ్వేశాడు. హాలంతా "హిల్డా!" అని అరిచింది. అలాంటి మనిషి, తనకి కథంతా తెలిసిన ఆటని నేను ఆడుతుంటే పక్కన కూర్చుని నోరు మెదపనని మాటిచ్చాడు. నోరు మెదపలేదు, నిజమే. మొహాన్ని ఆపడం మాత్రం అతని వల్ల కాలేదు.

ఆట పేరు 'నల్ల ద్వారాలు'. రూబెన్ హైస్కూల్లో ఉన్నప్పుడు వచ్చింది. చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. ఒక పాత అంతరిక్ష నౌక, దాని పేరు మార్గరెట్, అందులో నలుగురైదుగురు సిబ్బంది, వాళ్లకి కెప్టెన్ మనం. చుక్కల మధ్య ద్వారాలు దాటుకుంటూ, ఎవరితో ఏం మాట్లాడాలో, ఎవరిని నమ్మాలో తేల్చుకుంటూ పోవాలి. మన నిర్ణయాన్ని బట్టి కథ మారుతుంది. రూబెన్, వాళ్ల చెల్లెలు హెడీ ఈ ఆటని ఎన్నిసార్లు ఆడారో వాళ్లకే తెలియదు. ఇంట్లో ఒకటే నియమం: దాని గురించి ఇంటర్నెట్‌లో ఏమీ వెతకకూడదు. ఏం కనిపెట్టినా సోఫాలో కూర్చునే కనిపెట్టాలి.

పెళ్లయిన మొదటి నెలలో, బయట అప్పుడే మంచు పడడం మొదలైన ఒక ఆదివారం, రూబెన్ కంట్రోలర్ నా చేతిలో పెట్టాడు. నేను చదివింది వృక్షశాస్త్రం. నాకు తెలిసిన ఆటలు పేకలోనివే. కెప్టెన్ పేరు అడిగితే 'ఫ్రీసెన్' అని కొట్టాను. పెళ్లయ్యాక ఆ ఇంటిపేరు నేను మొదటిసారి రాసుకున్నది అక్కడే. రాసి, దాన్ని చూసుకుని, రూబెన్ వైపు చూశాను. అతను నా వైపే చూస్తున్నాడు. కాసేపు ఆట ముందుకు సాగలేదు.

"మీరిద్దరూ ముద్దులాడుకోవడం అయిపోతే క్లాస్ ఎంచుకో," అంది హెడీ నేల మీద కూర్చుని, చిప్స్ నములుతూ.

క్లాస్ అంటే మన కెప్టెన్ ఏ పని నేర్చిన మనిషో చెప్పడం. సైనికుడు, వైద్యుడు, ఇంజనీర్, దొంగ. అట్టడుగున చిన్న హెడ్‌ఫోన్ బొమ్మతో సిగ్నలర్. ఆ హెడ్‌ఫోన్ నాకు నచ్చింది.

"సిగ్నలరా?" హెడీ నములుతున్నది ఆపింది. "అమ్మో, వాళ్లకిచ్చే తుపాకీతో దోమని కూడా చంపలేవు."

"దోమల్ని నేను చంపను."

"అన్నయ్యా, చెప్పు ఆవిడకి."

రూబెన్ పెదాలకి జిప్పు వేసినట్టు సైగ చేశాడు. నాకింకా పౌరుషం వచ్చింది. తర్వాతి ప్రశ్న ఏదో అడిగితే చదవకుండా 'అవును' నొక్కాను. హెడీ రెండు చేతులూ తల మీద పెట్టుకుంది.

"ఒక్క సేవ్ పద్ధతి పెట్టేసిందిరా! వెనక్కెళ్లడం ఉండదు, లరీసా. తప్పు చేస్తే తప్పే, పోయినవాళ్లు పోయినట్టే. మేం కూడా అలా ఆడం!"

"పెళ్లి కూడా అంతేగా," అన్నాను. రూబెన్ ఫక్కున నవ్వాడు. హెడీ చిప్స్ మా ఇద్దరి మీదా విసిరింది.

అలా ఆ చలికాలమంతా మా ఇంట్లో ఇంకో కుటుంబం కాపురం పెట్టింది. సాయంత్రం ల్యాబ్ నుంచి వచ్చి, కారు ఇంజను గడ్డకట్టకుండా దాని హీటరుకి కరెంటు ప్లగ్ పెట్టి, బూట్లు విప్పి, మార్గరెట్ ఎక్కేదాన్ని. వంటవాడితో, ఇంజను రూంలోని ముసలాయనతో, అందరితోనూ మాట్లాడేదాన్ని. వాళ్లు తెర మీద ఒక మాటంటే నేను సోఫాలోంచి పైకే జవాబిచ్చేదాన్ని.

"బటన్ నొక్కితే మాటలు దాటిపోతాయి," అన్నాడు రూబెన్ ఒకసారి. సాయంగానే అన్నాడు పాపం.

"దాటించడమెందుకు? మాట్లాడుతోంది కదా మనిషి."

"లేదు, ఊరికే... మేమైతే తెలిసిన మాటలే కదా అని నొక్కేస్తాం. హెడీ అయితే బటన్ మీంచి బొటనవేలు తియ్యనే తియ్యదు."

"మీ ఇంట్లో అందరూ ఇంతేనా? భోజనాల దగ్గర మీ మావయ్య మాట్లాడుతుంటే కూడా నొక్కుతారా?"

"బటన్ ఉంటే నొక్కేవాళ్లమే," అన్నాడు.

సిబ్బందిలో నాకు ప్రాణమైంది పైలట్ ఇల్వా. చిన్న పడవలాంటి నౌకలో ఒంటరిగా ముందు వెళ్లి దారి చూసి వస్తుంది. నోరు ఆగదు. ప్రతి ప్రయాణం తర్వాత ఆమె గదికి వెళ్తే ఏదో ఒక కబురు, అడగకపోయినా. వాళ్ల ఊళ్లో ఎనిమిది మంది పిల్లలకి ఒకటే స్నానాల గదట. తలుపు కొట్టే పద్ధతిని బట్టి బయట ఎవరున్నారో, ఎంత తొందరలో ఉన్నారో లోపలివాళ్లకి తెలిసిపోయేదట. రెండుసార్లు గబగబా కొడితే 'నేనే, త్వరగా రా'. నిదానంగా మూడుసార్లు కొడితే 'ఎవరూ లేరు, వచ్చెయ్'. ఆ కథ ఆమె ఒక్కసారిగా చెప్పలేదు. తొందరేమీ లేనట్టు, ప్రతిసారీ ఒక ముక్క చొప్పున చెప్పుకొచ్చింది. నేను పొట్ట పట్టుకుని నవ్వుతుండేదాన్ని. రూబెన్ అప్పుడు ఎక్కువగా వంటింట్లో ఉండేవాడు.

ఉండేవాడు అంటే, వెళ్లిపోయేవాడు. ఇల్వా జోకు వేసినప్పుడల్లా లేచేవాడు. నీళ్లనో, కిటికీ సరిగ్గా పడలేదనో అనేవాడు. మైనస్ ముప్పై డిగ్రీల చలిలో మా కిటికీ నవంబరు నుంచీ గడ్డకట్టి తెరుచుకోవడం లేదని నాకు తెలుసు.

"చచ్చిపోతుందా?" అని అడిగాను ఒకరోజు.

"ఎవరు?"

"నాటకాలాడకు, రూబెన్."

"నేనేం చెప్పను," అన్నాడు. ఆ మొహంతో చెప్పనక్కర్లేదు.

కంట్రోలర్ సొరుగులో పెట్టేశాను. నాలుగో ద్వారం దగ్గర ఆగిపోయింది మార్గరెట్. నేను ఆడకపోతే ఇల్వా ద్వారంలోకి వెళ్లదు. వెళ్లకపోతే బతికే ఉంటుంది. ఇందులో తర్కం లేదని ఎవరైనా అంటే వాదించడానికి సిద్ధంగా ఉన్నాను.

హెడీ శనివారం వచ్చి టీవీ వైపు చూసి, "ఏంటి, వారం నుంచీ అదే చోట ఉంది?" అంది. చెప్పాను.

"అంటే ఆడకుండా ఉంటే బతికున్నట్టా?"

"బతికున్నట్టే."

వెక్కిరిస్తుందనుకున్నాను. సోఫా చేతి మీద కూర్చుని, వంటింట్లో ఉన్న అన్నకి వినబడకుండా గొంతు తగ్గించింది. "వాడూ ఇంతే. పదహారేళ్లప్పుడు ఏడాది పాటు అక్కడే ఆపేశాడు. మరి వాడు అన్నిసార్లు ఎందుకు ఆడాడనుకున్నావ్? ప్రతిసారీ కొత్త క్లాస్ ఎంచుకునేవాడు. ఈసారి వైద్యుడు కదా, బతికిస్తాడేమో. ఈసారి ఇంజనీర్ కదా, ఆ పడవ బాగుచేస్తాడేమో." ఒక్కసారి నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "నేనేం చెప్పలేదు. నువ్వేం వినలేదు."

"సిగ్నలర్‌గా ఆడాడా?"

"ఆడాడు. లాభం లేదు." లేచి నా భుజం తట్టింది. "క్షమించండి, కెప్టెన్ గారూ."

ఆమె వెళ్లాక నేను రూబెన్‌ని చూస్తూ ఉండిపోయాను. పెరోగీ కుడుములకి ఉల్లిపాయలు కోస్తున్నాడు. లేని మనిషిని బతికించడానికి ఒకే దారిలో, వేరువేరు బట్టలు వేసుకుని, మళ్లీ మళ్లీ వెళ్లిన కుర్రాడు. అతన్ని పెళ్లి చేసుకున్నందుకు నాకు అంతకుముందు చాలా కారణాలు ఉన్నాయి. వాటి పక్కన ఇది కూడా చేరింది. ఎలాగైనా సరే, ఇల్వాని నేను తీసుకొచ్చి ఇతని ముందు నిలబెట్టాలి. ఒకే సేవ్, ఒకే అవకాశం. పోతే నా చేతుల మీదుగానే పోతుంది, ఇతనికి మళ్లీ ఇంకోసారి.

మర్నాడు ఆదివారం మంచు తుఫాను. రోడ్లు మూసేశారు. మధ్యాహ్నం భోజనమయ్యాక సొరుగు తెరిచాను. చప్పుడు విని రూబెన్ తల తిప్పాడు.

"నిజంగానా?"

"నిజంగా."

"అయితే నేను... గిన్నెలు తోముతా," అని లేచాడు. గిన్నెలు పొద్దున్నే తోమాడు.

నాలుగో ద్వారం. ఇల్వా ఒక జోకు వేసి వెళ్లింది. ద్వారం లోపల తుఫాను రేగింది. మా రేడియోలో గరగర తప్ప ఏమీ లేదు. ఆమె పడవ చుక్క తెర మీద అటూ ఇటూ ఊగుతోంది. వెనక్కి వచ్చే దారి కనబడక తిరుగుతోందని అర్థమవుతోంది. వంటింట్లో రూబెన్ కుళాయి ఫుల్లుగా తిప్పాడు.

ఏం చెయ్యాలో ఎంచుకోమంది ఆట. మార్గరెట్‌ని లోపలికి తీసుకెళ్లు: అలా అయితే అందరూ పోతారని ఇంజను రూం ముసలాయన అరుస్తున్నాడు. ద్వారం మూసెయ్యి. గట్టిగా పిలువు. గరగరలో పిలుపెవరికి వినబడుతుంది? ఇవేనా అని కిందికి జరిపాను. మసకగా ఇంకో వాక్యం ఉంది. 'మైకు మీద కొట్టు.'

నొక్కాను. ఎలా కొట్టాలో అడిగింది. మాట దాటదు, చప్పుడు దాటుతుంది! నిదానంగా మూడుసార్లు. ఎవరూ లేరు, వచ్చెయ్.

గరగర. చుక్క అలాగే ఊగింది. మళ్లీ మూడు. మళ్లీ. "ఇల్వా, తలుపు ఇటు ఉందే తల్లీ, ఇటు," అన్నాను పైకే. ఇంకోసారి కొట్టాను. చుక్క ఆగిపోయింది. పోయిందనుకున్నాను.

అప్పుడు గరగర లోపలి నుంచి, రెండుసార్లు, గబగబా.

"రూబెన్!" అరిచాను. "రూబెన్, రా!"

కుళాయి ఆగింది. అతను తడి చేతులతో, మంచం మీది దుప్పటి ఒకటి చంకలో పెట్టుకుని వచ్చాడు. ఓదార్చడానికి తయారై వచ్చాడు. "లరీ, ఇలా రా. నాకు తెలుసు. మొదటిసారి నేను కూడా..."

"ఎవడు తాగాడు నా కప్పులో?" అంది ఇల్వా తెర మీద.

నౌకలోని భోజనాల గది. తల మీద మంచు పేరుకుని, ఒక చెంప గీరుకుపోయి, చేతిలో మురికి కప్పు పట్టుకుని ఆమె గుమ్మంలో నిలబడింది. వంటవాడు తల దించుకున్నాడు.

రూబెన్ కదల్లేదు. దుప్పటి జారి కింద పడింది. ఇల్వా కప్పు గురించి మొత్తం తిట్లు తిట్టి, కుర్చీ లాక్కుని కూర్చుని, సూప్ వడ్డించుకునే దాకా అలాగే నిలబడ్డాడు. తర్వాత మెల్లిగా వచ్చి నా పక్కన సోఫా అంచున, ఎవరింట్లోనో కూర్చున్నట్టు కూర్చున్నాడు.

"ఏం చేశావ్?"

"తలుపు కొట్టాను."

"ఏ తలుపు?"

"స్నానాల గది తలుపు. ఎనిమిది మంది పిల్లలు. నిదానంగా మూడు కొడితే రమ్మని. ఆ కథ విన్నవాళ్లకే మైకు మీద కొట్టే దారి వస్తుందేమో."

"ఈ కథ ఎప్పుడు చెప్పింది?"

"నీకు ప్రతిసారీ చెప్పబోయింది, రూబెన్. నువ్వు బటన్ నొక్కావు."

అతను నా వైపు చూశాడు. తెర వైపు చూశాడు. కళ్లు తుడుచుకుంటూ నవ్వడం మొదలుపెట్టి, ఆపలేక, మోచేతులు మోకాళ్ల మీద పెట్టుకుని వంగిపోయి నవ్వాడు. "పదిహేనేళ్లు! పదిహేనేళ్లుగా ఆవిడ నోరు నేనే మూయించాను!"

నేనతని వీపు నిమిరాను. అతను ఫోన్ తీసి హెడీకి చేశాడు.

"హెడీ, ఇల్వా సూప్ తాగుతోంది."

"తాగేశావా నువ్వు మధ్యాహ్నమే?"

"టీవీ దగ్గర పెడుతున్నా. విను."

ఇల్వా సూప్‌లో ఉప్పు ఎక్కువైందని వంటవాడిని మళ్లీ పట్టుకుంది. తర్వాత మేం ఫోన్ దూరంగా పెట్టుకోవాల్సినంత అరుపు. "రోడ్లు ఎప్పుడు తెరుస్తారు? నడిచొస్తా! నేను వచ్చేదాకా ముట్టుకోకండి!"

"నడిస్తే దార్లోనే బిగుసుకుపోతావ్. ఫోన్ పెట్టకు, అలా వింటూ ఉండు," అన్నాడు రూబెన్.

ఫోన్‌ని దిండుకి ఆనించాం. సూప్ గిన్నె పక్కకి తోసి ఇల్వా మా వైపు తిరిగింది. ద్వారం లోపల తిరిగేటప్పుడు తను రెండు వెలుగులు చూశానని, అక్కడికి దారులున్నాయని చెప్పింది. ఒకటి ఎర్రగా దగ్గర్లో, ఇంకోటి తెల్లగా దూరంగా. "ఎటు పోనివ్వమంటారు, కెప్టెన్ ఫ్రీసెన్?"

అలవాటుగా రూబెన్ వైపు చూశాను, మొహంలో జవాబు దొరుకుతుందేమోనని.

"నన్ను చూడకు," అన్నాడు ఉక్కిరిబిక్కిరిగా. "ఇక్కడికి నేనెప్పుడూ రాలేదు. ఇది ఉందనే తెలియదు. ఎర్రటిది."

"ఎందుకు ఎర్రటిది?"

"దగ్గర. పైలట్ అలసిపోయింది, చెంప చూడు."

"అలసిపోయిన మనిషిని ఎర్రటి వెలుగులోకి తోస్తావా? చూస్తేనే ప్రమాదంలా ఉంది. తెల్లటిది."

"దూరం! ఇంధనం చూశావా?"

"తెల్లటిదే," అంది దిండు మీది నుంచి హెడీ.

"నువ్వు తెరే చూడట్లేదు!"

"నువ్వు పదిహేనేళ్లు విననేలేదు!"

బయట మంచు కిటికీ సగం దాకా వచ్చింది. ఇల్వా బల్ల మీద వేళ్లు ఆడిస్తూ ఓపిగ్గా కూర్చుంది. రూబెన్ కాళ్లు పైకి ముడుచుకుని దుప్పటి ఇద్దరి మీదకీ లాగి, ఎర్రటి వెలుగు ఎందుకు మేలో మొదటి నుంచీ వివరించడం మొదలుపెట్టాడు. నేను ఒక్క మాట కూడా దాటించకుండా విన్నాను. విని, కుదరదన్నాను.