సామ్యేలు పేరు పిలిస్తే

పలకలకు చెక్క అంచులు కట్టడం నా పని. మార్కాపురంలో ఇప్పుడు ఆ పని చేసేవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పిల్లలంతా సెల్‌ఫోన్లు గీకుతుంటే ఇంక పలకలెవరు కొంటారని తిట్టుకుంటూ ఆ ఆదివారం మధ్యాహ్నం వసారాలో మేకులు కొడుతున్నాను. చంకలో ల్యాప్‌టాప్ పెట్టుకుని ఎలీషబా వచ్చింది. వెనకే వాళ్లమ్మ సువార్తమ్మ. చర్చి నుంచి నేరుగా వచ్చినట్టుంది, బైబిలు సంచి భుజానే ఉంది.

ఎలీషబా మా సామ్యేలు కూతురు. నేనూ సామ్యేలూ ఒకే పలకల క్వారీలో పనిచేశాం. ఇరవై రెండేళ్ల కిందట, ఈ పిల్లకు రెండేళ్లప్పుడు, సామ్యేలు కనపడకుండా పోయాడు. ఎవరితోనో కనిగిరి బస్సెక్కి పోయాడని ఊరంతా అంది. సువార్తమ్మ నమ్మలేదు. కాదని చెప్పడానికి ఆమె దగ్గర ఏమీ లేదు. ఈస్టరు తెల్లవారుజామున అందరూ పోయిన తమవాళ్ల సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగిస్తుంటే, ఆమె వెలిగించని కొవ్వొత్తి పట్టుకుని సమాధుల తోట గేటు దగ్గరే నిలబడేది. ఆ దారిన పోతూ నేను చాలాసార్లు చూశాను.

"చిన్నాయనా, ఒక ఆట తయారు చేసినా. నువ్వు చూసి తప్పులు చెప్పాల," అంది ఎలీషబా.

ఈ పిల్ల ప్రైవేటు స్కూల్లో కంప్యూటర్ పాఠాలు చెబుతుంది. సెలవు దొరికితే పాతకాలం నాటి ఆటల్లాంటివి సొంతంగా తయారు చేస్తుంది. వాటిలో బొమ్మలుండవు. నల్లటి తెర మీద పచ్చటి గీతలూ అక్షరాలూ, అంతే. గీతలు గోడలు, ఒక్కో అక్షరం ఒక్కో మనిషి. భూమి లోపలి సందుల్లో తిరిగి దారి వెతుక్కుని పైకి రావాలి.

"ఇట్లాంటి ఆటల్లో రాక్షసులు ఉంటారంట గదా. నాకు భయమమ్మా," అన్నాను ఎగతాళిగా.

"ఇందులో లేరు చిన్నాయనా. నీళ్లొస్తాయి, అంతే."

తెర చూడగానే సుత్తి పక్కన పెట్టేశాను. అది మా క్వారీ. దిగే మెట్లు, రాతిపొర వెంబడి తవ్వుకుంటూ పోయిన సందులు, తూర్పు సందు చివర వంగి దూరాల్సిన ఇరుకు, అన్నీ ఉన్నాయి. మా క్వారీ మేస్త్రీ దేవరాజు చనిపోయేముందు ఈ పిల్లకు పలక మీద సుద్దముక్కతో గీసి చూపించాడట.

మీటలు నొక్కుతూ కాసేపు తిరిగాను. ఇరవై రెండేళ్ల తరువాత మళ్లీ దిగాను అందులోకి.

"పొద్దుగూకే యాళ మేస్త్రీ పేర్లు పిలుస్తాడు," అంది ఎలీషబా. "మీ క్వారీలో లాగానే. ఆడనే ఒక తప్పు వస్తాంది."

మా క్వారీలో పద్ధతి అది. దేవరాజు పైన నిలబడి ఒక్కో పేరూ పిలిచేవాడు. పైకి వచ్చినవాడు 'వచ్చినా' అనాలి. అందరూ పలికితేగానీ ఎవరూ ఇంటికి పోకూడదు.

తెర మీద పేర్లు మొదలయ్యాయి. 'నాగేశ్వర్లు.' కింద 'వచ్చినా.' 'బ్రహ్మం.' అది నేను. 'వచ్చినా.' ఆ తరువాత 'సామ్యేలు.'

తూర్పు సందు చివర 'సా' అనే అక్షరం కదలకుండా ఉంది. జవాబు మాత్రం పైన మెట్ల దగ్గర నుంచి వచ్చింది. 'వచ్చినా.' కాస్త ఆగి, దాని కింద, 'ఖళ్ ఖళ్.'

"పైకొచ్చిన మనిషే పలకాలని రాసినా చిన్నాయనా. నాయన మాత్రం కిందుండంగనే జవాబొస్తాంది. ఈ దగ్గయితే నేను రాయనే లేదు. నాలుగుసార్లు తీసేసినా. మళ్లీ అదే. నాయన దగ్గేవాడా అని అమ్మనడిగినా."

"ఆయన దగ్గే మనిషి గాదు," అంది సువార్తమ్మ. ఆమె తెర వైపు చూడటం లేదు. నన్నే చూస్తోంది.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నాకు సరిగ్గా అప్పుడే దగ్గు తన్నుకొచ్చింది. ఆపుకోవాలని చూశాను. ముప్పై ఏళ్ల రాతిదుమ్ము ఛాతీలో ఉంటే ఆపితే ఆగుతుందా?

కనపడకుండా పోయిన ఆ రోజు సామ్యేలు సగం మెట్లెక్కి, తూర్పు సందులో క్యారియర్ మరిచిపోయానని మళ్లీ దిగాడు. "నా పేరొస్తే పలుకు, ఇప్పుడే వస్తా," అన్నాడు నాతో. అట్లా ఒకరికి బదులు ఇంకొకరం పలకడం మామూలే. ఆకాశం నల్లగా మూసుకుంది. నాకు గిద్దలూరు బస్సు అందుకోవాలనే తొందర. పెళ్లిచూపులు మరి. సామ్యేలు గొంతు పెట్టి 'వచ్చినా' అన్నాను. దగ్గాను. దేవరాజు సరేనన్నాడు, వాన ముంచుకొచ్చింది, అందరం తలో దిక్కు పరిగెత్తాం. మర్నాడు మధ్యాహ్నం కామేశ్వరితో పెళ్లి ఖాయం చేసుకుని తిరిగొచ్చేసరికి పక్కనున్న చెరువు కట్ట తెగి క్వారీ నిండా నీళ్లు. సామ్యేలు పలికాడు కాబట్టి పైకి వచ్చినట్టే లెక్క. ఎవరూ నీళ్లు తోడలేదు. పోలీసులంటే భయపడి నేను నోరు మూసుకున్నాను. కనిగిరి బస్సు మాట నేను పుట్టించలేదు, ఆ మాట అన్నవాళ్ల దగ్గర తల ఊపాను. మనిషి బతికి ఎక్కడో ఉన్నాడని అనుకోవడం నాకూ హాయిగా ఉండేది.

"రాలేదు వదినా," అన్నాను. "సామ్యేలు పైకి రాలేదు. పలికింది నేను."

మొత్తం చెప్పాను. చెబుతుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. ఎలీషబా చేతులు మీటల మీద అట్లాగే ఉండిపోయాయి.

సువార్తమ్మ బైబిలు సంచి ఒళ్లోకి తీసుకుంది. "అయితే నన్ను ఇడిచిపెట్టి పోలేదు."

"లేదు వదినా."

"ఇరవై రెండేళ్లు. దినామూ నా ఇంటి ముందర నుంచే పోయినావు గదా బ్రహ్మం."

తల వంచుకున్నాను. ఆమె నన్ను తిట్టలేదు, తిడితే బాగుండేది. కొంగుతో ముఖం తుడుచుకుని లేచింది.

"రేపు ఆ నీళ్లకాడికి నన్ను తోలుకపో. తూర్పు సందు ఏ పక్కనో నీకే తెలుసు. కొవ్వొత్తి ఆడ పెట్టాల," అంది. తరువాత కూతురి వైపు తిరిగింది. "ఇంకోతూరి పిలిపించు."

ఎలీషబా మీట నొక్కింది. నాగేశ్వర్లు పలికాడు. బ్రహ్మం పలికాడు. 'సామ్యేలు' అని వచ్చింది. ముగ్గురం తెర వైపే చూస్తున్నాం. నీళ్లు ఒక్కో గీతే పైకి వస్తున్నాయి. పైనుంచి ఎవరూ పలకలేదు. నాకు దగ్గు కూడా రాలేదు.