తప్పయింది దొరా

"నేరం ఒప్పుకున్నడు హుజూర్," అంటూ లస్మయ్య వేలిముద్ర ఉన్న ఉర్దూ కాగితాన్ని పోలీసు జమేదారు కోర్టులో మున్సిఫు ముందు పెట్టాడు.

లింగంపేట దొర గడ్డివామును తగలబెట్టాడని ఆ దొర దగ్గరి జీతగాడు లస్మయ్య మీద కేసు. దొర మీదికి పోయే వకీలు ఎల్లారెడ్డిలో ఒక్కడూ దొరకలేదు. అందుకే కామారెడ్డి నుంచి కిషన్‌రావు వచ్చాడు. ఆ కాగితం చూడగానే ఆయనకు ఒళ్లు మండింది.

"ఏమని ఒప్పుకున్నడు? ఆయన మాటల్నే చెప్పుండ్రి."

"తప్పయింది దొరా అన్నడు. గదే రాసుకున్నం."

కిషన్‌రావు గిర్రున బోను వైపు తిరిగి, అచ్చం దొరలాగే గద్దించాడు. "ఏరా లస్మా! ఈయేడు వానలెందుకు పడలేదురా?"

ముసలి లస్మయ్య చేతులు జోడించాడు. "తప్పయింది దొరా!"

"మరి నిరుడు చెరువెందుకు తెగింది?"

"తప్పయింది దొరా, బాంచెన్!"

కచేరీలో జనం గొల్లుమన్నారు. కిషన్‌రావు నవ్వలేదు.

"గద్దిస్తే వీండ్ల నోట్లెకెళ్లి వచ్చే మొదటి మాట గిదే హుజూర్. గిది ఒప్పుకోలైతే తాలూకా మొత్తాన్ని జైల్లో పెట్టాలె."

ఆయన బోను దగ్గరికి పోయి, గొంతు తగ్గించి అడిగాడు. "లస్మన్నా, భయపడకు. గడ్డి నువ్వు కాలవెట్టినవా?"

తనను 'అన్నా' అని పిలిచిన మనిషి వైపు లస్మయ్య మొదటిసారి తలెత్తి చూశాడు.

"లేదు. నేను కాలవెట్టలే."

వాంగ్మూలం రాసే గుమాస్తా కలం కదల్లేదు. కిషన్‌రావు బల్ల మీద అరచేత్తో చరిచాడు.

"తప్పయిందంటే రాసుకున్నరు గద! గిది గూడ రాయుండ్రి!"