రక్తం ఇవ్వకపోవడానికి పదకొండు కారణాలు

నిరంజన్ కరీంనగర్‌లో కాలేజీ లెక్చరరు. జనం రక్తం ఇవ్వడానికి ఎందుకు వెనకాడతారన్న విషయం మీద ఏడేళ్లుగా పరిశోధన చేస్తున్నాడు. ఇక్కడి నుంచి ఆదిలాబాద్ దాకా ఊరూరా తిరిగి, ఆరువందల మందిని అడిగి, పదకొండు కారణాలు తేల్చాడు. నీరసం వస్తుందని కొందరు, మగతనం తగ్గుతుందని కొందరు, గల్ఫ్‌కు పోయేముందు చేసే మెడికల్ పరీక్షలో ఫెయిల్ చేస్తారని ఇంకొందరు. ఒక్కో కారణానికి ఒక్కో రంగు పట్టిక గీసి, సభల్లో చూపించి, అన్నీ అపోహలేనని బల్ల గుద్ది చెప్పేవాడు. మరి తనెన్నిసార్లు ఇచ్చాడంటారా? అబ్బే, ఒక్కసారీ లేదు. సూది కనబడితే చాలు, మహానుభావుడికి ఒళ్లంతా చెమటలు. ఈ సంగతి భార్య వనజకు తప్ప మూడో కంటికి తెలియదు.

ఆ బుధవారం మధ్యాహ్నం రక్తనిధి వరండాలో తన కాగితాలు ముందేసుకుని కూర్చున్నాడు. బొగ్గుబాయి కాలనీ నుంచి సమ్మవ్వ వచ్చింది, వెంట ఇద్దరు కొడుకులు పరశురాములు, గోపాల్. ఆమె కూతురు జమునకు పక్క ఆస్పత్రిలో పొద్దున కాన్పయింది. పసిబిడ్డ బాగానే ఉంది, తల్లికే రక్తం ఆగడం లేదు. ఆమె గ్రూపు రక్తం ఉన్న రెండు సంచులూ ఇచ్చేశారు, ఇంకో రెండు కావాలి. అన్నదమ్ములిద్దరిదీ అదే గ్రూపు. ఇప్పుడిచ్చినా పరీక్షలన్నీ అయ్యేసరికి సాయంత్రమవుతుంది, జల్ది చెయ్యమంది నర్సు రోజారాణి.

అన్నదమ్ములు లేచారు గానీ గడప దగ్గర వాళ్ల కాళ్లు ఆగాయి. నిరంజన్‌కు ఎక్కడలేని ఉత్సాహం వచ్చింది.

"ఏం కాదు తమ్మీ, పావుగంట పని. గింతదానికి పరేషాన్ ఎందుకు?"

సమ్మవ్వ అతని వంక ఆశగా చూసింది. "సారూ, నువ్వు గూడ ఒక్క సంచి ఇయ్యరాదు? నిన్ను జూస్తే మావోళ్లకు ధైర్యమొస్తది."

నోరు మూసుకుని ఊరుకోవచ్చు కదా! ఊరుకోలేదు. "నేనియ్యద్దు అవ్వా. మోకాళ్ల నొప్పులకు గోలీలు మింగుతున్న" అన్నాడు. పచ్చి అబద్ధం. ఆ మోకాళ్లు ఏనాడూ నొప్పి ఎరగవు.

పరశురాములు టక్కున వెనక్కి తిరిగాడు. "అవ్వా, మేం గూడ నడుం నొప్పికి గోలీలు మింగుతం గద! గిన్ని కాగితాలు రాసే సారే ఇయ్యద్దంటుండు." గోపాల్ అప్పటికే చెప్పులేసుకున్నాడు.

నిరంజన్ గబుక్కున లేచి అడ్డుపడ్డాడు. "లేదు లేదు, గా గోలీలకు ఏం కాదు. మీరియ్యచ్చు."

"మరి నువ్వెందుకు ఇయ్యద్దు సార్?"

షుగరుందేమో అన్నాడు. రాత్రి నిద్ర లేదన్నాడు. పొద్దున ఏమీ తినలేదన్నాడు. ఆరువందల మంది దగ్గర పోగు చేసిన సరుకంతా తనే విప్పి పరుస్తున్నానని తెలుస్తూనే ఉంది, కానీ నోరు ఆగితేనా! ఒక్కో సాకుకు అన్నదమ్ములు ఒక్కో అడుగు వెనక్కి వేశారు. తెలిసినవాళ్లకు ఫోన్లు చేశారు, ఎవరూ రాలేదు. గంట గడిచింది. రోజారాణి మళ్లీ వచ్చి, "అవుతల పిల్లకు బీపీ పడిపోతున్నది. ఎవరన్న వస్తరా, రారా?" అని కేకేసింది.

సమ్మవ్వ నేల మీద చతికిలబడింది. చేతులు ఒళ్లో పెట్టుకుని ఆస్పత్రి వైపు చూస్తూ కూర్చుంది. నిరంజన్‌కు తన మీద తనకే రోత పుట్టింది.

"అవ్వా, అన్నీ అబద్ధాలే. నాకు నొప్పుల్లెవ్వు, షుగరు లేదు. నాకు సూదంటే భయం. గంతే."

పట్టపగలు, నలుగురిలో చెప్పేశాడు. పరశురాములు అతన్ని ఎగాదిగా చూశాడు.

"గింతేనా సార్? నాక్కూడ గదే. నీ పుణ్యాన గోలీల ముచ్చట దొరికింది, పట్టుకున్న."

"నాక్కూడ" అన్నాడు గోపాల్, చెప్పులు విప్పుతూ.

నిరంజన్‌కు దిమ్మ తిరిగింది. ఏడేళ్లు, పదకొండు కారణాలు, ఈ ఒక్క మాటా ఏ పట్టికలోనూ లేదు. భయమా అని తనెవరినీ అడగనే లేదు మరి. అడిగితే తిరిగి తననే అడుగుతారని కాబోలు!

ముగ్గురూ పక్కపక్క మంచాల మీద పడుకున్నారు. సూది దిగేటప్పుడు నిరంజన్ పెట్టిన కేకకు రోజారాణి ఉలిక్కిపడింది. పరశురాములు ఖాళీగా ఉన్న చేత్తో అతని చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. అది ధైర్యం చెప్పడానికో, తెచ్చుకోవడానికో ఇద్దరికీ తెలియదు.

రాత్రి పొద్దుపోయాక జమునకు గండం గడిచిందన్నారు. సమ్మవ్వ వరండాలోకి రాగానే నిరంజన్ లేచి నిలబడ్డాడు. కాళ్లకు మొక్కుతుందేమోనని, వద్దువద్దంటూ రెండు చేతులూ ముందే చాపాడు.

"పిల్ల బతికింది సారూ" అంది సమ్మవ్వ. "గని గా భయం ముచ్చట మొదలే చెప్తే ఏం బోయే? గంటసేపు నా పిల్ల పాణంతోటి ఆడితివి గద!"

నిరంజన్ చేతులు దించేశాడు.